అయోగ్యముగా అన్న మాట

మా పెదనాన్న ఆదివారం మా చర్చి గుడిలో సంస్కారం, అంటే ప్రభువు రొట్టే రసమూ, తీసుకుని, ఆ గురువారమే చనిపోయాడు. ఆ ఆదివారం ఆయన తాగిన గిన్నెలోంచే, ఆయన తర్వాత, మా అమ్మ కూడా తాగింది. నా చిన్నతనంలో నేను పడ్డ భయమంతా అక్కడ మొదలైంది.

మాది నడికుడికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. ఎనభైల మొదట్లో నేను ఐదో తరగతి చదువుతున్నాను. నాన్న, పెదనాన్న ఇద్దరూ సున్నపు బట్టీల్లో పనిచేసేవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాళ్ళ కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. మా రెండిళ్ళూ పక్కపక్కనే. మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు. పంపు దగ్గర్నుంచి అమ్మ ఆ సందులోంచే బిందెలు మోసుకొచ్చేది. మా మేకలు పెద్దమ్మ పెట్టుకున్న చిక్కుడు పాదు మొదలంటా కొరికేశాయి. ఆ కోపంతో పెదనాన్న ఒకరోజు బట్టీ నుంచి రాళ్ళు తెచ్చి ఆ సందుకి అడ్డంగా గోడ పెట్టేశాడు.

అమ్మకి బావగారంటే గౌరవం. ఆయన ఎదురుగా గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. కానీ ఆ రోజు నిండు బిందెతో వచ్చి గోడ ముందు నిలబడి, ఒళ్ళు తెలియకుండా అరిచింది. పేటంతా చూస్తూ ఉంది. చివరికి, "ఆ గోడ కట్టిన చేతులు పడిపోను!" అనేసింది. అన్న తర్వాత తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెదనాన్న చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ నెల సంస్కారపు ఆదివారం దగ్గరికొచ్చింది. మాది మిషను గుడి. సంస్కారానికి ముందురోజు సాయంత్రం సిద్ధపాటు ఆరాధన ఉండేది. పోట్లాడుకున్నవాళ్ళు కలుసుకోవాలని మా పాస్టరు అయ్యగారు చెప్పేవారు. అమ్మా వెళ్ళింది, పెదనాన్నా వచ్చాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తెల్లారి ఇద్దరూ రొట్టె, గిన్నె పెట్టే బల్ల ముందు మోకరించారు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు తర్వాత. గిన్నె ఒక్కటే.

గురువారం పొద్దున బట్టీ దగ్గర రాయి ఎత్తబోయి పెదనాన్న అలాగే ఒరిగిపోయాడు. లారీలో పిడుగురాళ్ళ తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. అందరూ ఏడుస్తుంటే నేను ఆయన చేతుల వైపే చూశాను. రెండు చేతులూ మంచానికి అటూ ఇటూ వేలాడుతున్నాయి. ఎవరో వాటిని ఎత్తి గుండెల మీద పెట్టారు. అమ్మ గడప అవతలే నిలబడింది. లోపలికి అడుగు వెయ్యలేకపోయింది.

అప్పటికి అది దుఃఖం మాత్రమే. భయంగా మార్చింది తర్వాత వచ్చిన బోధకుడు.

ఆయన మాచర్ల వైపు నుంచి వచ్చాడు. ఏ మిషనుకీ చెందినవాడు కాదు. సన్నటి మనిషి, తెల్ల బట్టలు, చెప్పులు వేసుకునేవాడు కాదు. ఊళ్ళో ఉపవాస కూటం పెట్టాడు. మధ్యాహ్నం ఎండలో తాటాకు పందిరి కింద అందరం కూర్చున్నాం. ఊళ్ళోకి వచ్చేముందే ఎవరో ఆయనకు పెదనాన్న సంగతి చెప్పినట్టున్నారు. బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తీశాడు. ప్రభువు రొట్టెను అయోగ్యముగా తిన్నవాడు తన మీదికి తానే తీర్పు తెచ్చుకుంటాడని చదివాడు. అందుకే మీలో చాలామంది బలహీనులు, రోగులు, చాలామంది నిద్రిస్తున్నారని చదివాడు. చదివి, పుస్తకం మూశాడు.

"నిద్రించడమంటే ఏంది?" అని అడిగాడు. తనే చెప్పాడు. "చావు. మీ ఊళ్ళోనే మొన్న ఒకాయన నిద్రపోయాడు. మనసులో కక్ష పెట్టుకుని గిన్నె ముట్టుకున్నాడు. ఆ రోజు ఆ గిన్నె అట్టాగే ముట్టుకున్నోళ్ళు ఇంకా ఎవరన్నా ఉన్నారా? దేవుడు తొందరపడడు. ఒకరి తర్వాత ఒకరిని పిలుస్తాడు."

ఆయన అరవలేదు. మెల్లగా, బాధపడుతున్నవాడిలా చెప్పాడు. అరిచి ఉంటే నేను అంత భయపడేదాన్ని కాదేమో. ఎవరూ తల తిప్పలేదు కానీ, అందరి చూపూ మా అమ్మ వీపు మీదే ఉన్నట్టు నాకనిపించింది. పక్కన కూర్చున్న అమ్మ చేయి పట్టుకున్నాను. అంత ఎండలో ఆ చేయి చల్లగా ఉంది.

ఆ రోజు నుంచి నాకు నిద్ర అనే మాటే పడేది కాదు. అమ్మకు మధ్యాహ్నం గంజి తాగి నాపరాళ్ళ మీద కాసేపు ఒరగడం అలవాటు. బడిలో అన్నం బెల్లు కొట్టగానే నేను ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చేదాన్ని. అమ్మ కళ్ళు మూసుకుని ఉంటే గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయేవి. దగ్గరికి వెళ్ళి ముక్కు కింద చెయ్యి పెట్టి చూసేదాన్ని. వెచ్చటి ఊపిరి తగిలితే అప్పుడు నాకూ ఊపిరి వచ్చేది. ఒకసారి అమ్మ కళ్ళు తెరిచి నన్నలా చూసింది. ఎందుకని అడగలేదు. తనకి తెలుసు. నన్ను పక్కన పడుకోబెట్టుకుని, "నేను నిద్రపోవట్లేదులే, ఊరికే కళ్ళు మూసుకున్నా," అంది. ఆ తర్వాత పగలు ఒరగడం మానేసింది.

భయం నాకంటే అమ్మకే ఎక్కువని మెల్లగా అర్థమైంది. అన్నం కలుపుకుని కలుపుకుని కంచంలోనే వదిలేసేది. మెడ ఎముకలు బయటపడ్డాయి. పొయ్యి దగ్గర కూర్చుని లేవబోతే కళ్ళు తిరిగి గోడ పట్టుకునేది. అది చూసి నాకు ఇంకా భయం. ముందు బలహీనత, తర్వాత రోగం, తర్వాత నిద్ర. బోధకుడు చదివిన వరస అదే కదా. అమ్మ ఆ వరసలో మొదటి మెట్టు ఎక్కేసిందనుకున్నాను. తిండి మానితే ఎవరికైనా బలం తగ్గుతుందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. అమ్మకూ తట్టలేదు.

నాన్న ఓదార్చే మనిషే గానీ ఈ విషయంలో ఓదార్చలేకపోయాడు. అన్న పోయిన దుఃఖంలో ఆయనకు ఒక కారణం కావాల్సి వచ్చింది. బోధకుడి మాటలో ఆ కారణం దొరికింది.

"వాక్యంలో ఉన్నదే గదా ఆయన చెప్పింది," అనేవాడు.

"అయితే నేనూ పోతానా?" అని అమ్మ అడిగితే, "ఒప్పుకుని ప్రార్థన చెయ్యవే," అని బయటికి వెళ్ళిపోయేవాడు. ఆయన మొహంలో కూడా భయం ఉండేది. ఆయనా ఆ ఆదివారం గిన్నె ముట్టినవాడే. అన్నతో ఆయనకూ మాటల్లేవు.

మా గుడి అయ్యగారు పెద్దవయసు మనిషి. నాలుగు ఊళ్ళ గుళ్ళు ఆయనవే. సైకిలు మీద తిరిగేవారు. కూటం సంగతి విని ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. నాన్న ఇంకా పనికి వెళ్ళలేదు. మంచం వాల్చాడు. అమ్మ తలుపు చాటున నిలబడి, దండం కూడా పెట్టకుండానే అడిగేసింది.

"అయ్యగారూ, నేను చస్తానా?"

ఆయన సంచిలోంచి బైబిలు తీసి ఆ అధ్యాయమే తెరిచారు. "అమ్మా, ఇక్కడ ఏముందో చూడు. అయోగ్యముగా అని ఉంది. అయోగ్యులు అని లేదు. అయోగ్యులు తినకూడదంటే నేను ఈ బల్ల దగ్గర నిలబడే పనే లేదు. ఎట్టా తింటన్నారన్నది ఇక్కడ మాట. ఎవరు తింటన్నారని కాదు."

"ఎట్టా తిన్నారేంది వాళ్ళు?" అన్నాడు నాన్న.

"ఆ కొరింథీయుల్లో కలిగినోళ్ళు ముందొచ్చి కడుపునిండా తినేసేవాళ్ళు. కూలి చేసుకుని ఆలస్యంగా వచ్చినోళ్ళకు ఏమీ మిగిలేది కాదు. అదీ అక్కడి తగవు. అందుకే ఈ పత్రిక రాసినాయన చివర ఏమన్నాడో చూడు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి, అంటే ఆగండి అన్నాడు."

నాన్న ఒప్పుకోలేదు. "మరి చానామంది నిద్రించారని కూడా రాశాడు గదా అయ్యగారూ. అది కాదంటారా?"

"కాదనను. రాశాడు. ఎవరు ఎందుకు పోయారో చెప్పే తెలివి దేవుడు ఆయనకిచ్చాడు. నాకియ్యలేదు. మీ అన్న ఎందుకు పోయాడో నాకు తెలవదు. ఆ బ్రదర్ గారికీ తెలవదు."

"అయితే భయపడక్కర్లేదా?"

"భయం ఉండాలి నాయనా. దేవుడి బల్ల అది. ఆ భయంతో మనిషి లేచి పక్కింటికి పోవాల. ఇంట్లో మూల కూర్చుని అన్నం మానేస్తే ఏం లాభం?"

అమ్మ అప్పుడు బయటికి వచ్చి నేల మీద కూర్చుంది. "నేను ఆయన చేతులు పడిపోవాలని శాపం పెట్టాను," అంది.

అయ్యగారు పుస్తకం మూశారు. "ఆ మాట దేవుడికి చెప్పావా?"

"రోజూ చెప్తన్నా."

"గోడ అవతల మీ అక్కకు చెప్పావా?"

అమ్మ తలెత్తలేదు. అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. నేనైతే ఆయన మాటలు విని కుదుటపడలేదు. ఆయన తెలియదు అన్నారు. బోధకుడు తెలుసు అన్నాడు. పదేళ్ళ పిల్లకు తెలుసన్నవాడి మాటే నిజమనిపిస్తుంది.

అమ్మ వెళ్ళడానికి ప్రయత్నించింది. సందు మూసేశారు కాబట్టి వీధి చుట్టూ తిరిగి వెళ్ళాలి. నేను వెనకే వెళ్ళాను. పెద్దమ్మ ఇంటి వాకిట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అమ్మను చూసి మాటలు ఆపేశారు. పెద్దమ్మ లోపలెక్కడో ఉంది. అమ్మ అక్కడే రెండు నిమిషాలు నిలబడి, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి, "నన్ను చూస్తే ఆమెకి ఆయనే గుర్తొస్తాడు," అంది, నాతోనో, గోడతోనో.

మళ్ళీ సంస్కారపు ఆదివారం వచ్చింది.

గుడి నిండా జనం ఉన్నారు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, చాపల మీద. వాక్యం అయింది, పాట అయింది. అయ్యగారు బల్ల మీద తెల్లగుడ్డ తీసి, పళ్ళెంలో పల్చటి రొట్టె అప్పాలు సర్ది, గిన్నెలో ద్రాక్షరసం పోశారు. "రండి," అన్నారు. మామూలుగా అయితే మొదటి వరస మగవాళ్ళు వెంటనే లేస్తారు. ఆ రోజు ఎవరూ లేవలేదు. పక్కవాడు లేస్తాడేమోనని ఒకరినొకరు చూసుకున్నారు. నాన్న తలదించుకుని చాప అంచు పీకుతున్నాడు. అయ్యగారు మళ్ళీ పిలవలేదు. గిన్నె ముందు అలాగే నిలబడ్డారు. బయట కాకులు అరవడం వినపడుతోంది. నేను మాత్రం లోలోపల, ఎవరూ లేవకపోతే బాగుండును, ఎవరూ లేవకపోతే అమ్మ కూడా లేవదు అని మొక్కుకుంటున్నాను.

అప్పుడు ఆడవాళ్ళలో వెనక వరస నుంచి పెద్దమ్మ లేచింది.

పెదనాన్న పోయాక ఆమె గుడికి రావడం అదే మొదలు. బల్ల వైపు వెళ్తుందనుకున్నాం. వెళ్ళలేదు. కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ మా దగ్గరికి వచ్చింది. అమ్మ ముందు నిలబడింది. అందరి ముందూ తిడుతుందనుకున్నాను.

"లే," అంది అమ్మతో.

అమ్మ పైకి చూసింది.

"లేవే. నీ కోసమే కూర్చున్నా ఇప్పటిదాకా. నువ్వు రాకపోతే నేనూ ముట్టను."

"అక్కా, నాకు భయంగా ఉంది," అంది అమ్మ. అందరికీ వినపడింది.

"నాకు లేదా? ఆయన్ని దేవుడు చంపాడని ఊరంతా అంటంది. బిడ్డలు బడికి పోతే బళ్ళో అంటన్నారంట. నువ్వు కూడా కూర్చున్నావంటే, నువ్వూ ఆ మాటే అన్నట్టు."

అమ్మ లేవబోయింది. నేను చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో పట్టుకున్నాను. "వద్దమ్మా! చచ్చిపోతావు, వద్దు!" అని గుడి దద్దరిల్లేలా అరిచాను. నన్ను ఎవరూ కోప్పడలేదు. అందరి మనసులో ఉన్న మాటే అది. అమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటే విడిపించింది. పెద్దమ్మ అమ్మ మోచేయి పట్టుకుంది. ఇద్దరూ వెళ్ళి మోకరించారు.

అప్పం నోట్లో పెట్టినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి గిన్నె అమ్మ పెదవుల దగ్గర ఉంది. అమ్మ తాగింది. గొంతు కదలడం చూశాను. నేను ఆమె పడిపోతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను. పడిపోలేదు. లేచి, పెద్దమ్మ భుజం ఆసరాతో వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్ళ తర్వాత మెల్లమెల్లగా కొందరు లేచారు. అందరూ కాదు. నాన్న లేవలేదు.

నా భయం ఆ రోజుతో పోలేదు. ఆ రోజు నుంచే అసలు భయం. పెదనాన్నకు గురువారం దాకా గడువు దొరికింది కదా. అమ్మకూ గురువారమే అనుకున్నాను. గురువారం కడుపునొప్పని బడి ఎగ్గొట్టాను. అమ్మ పంపు దగ్గరికి వెళ్తే పంపు దగ్గరికి, పొయ్యి దగ్గర కూర్చుంటే పొయ్యి దగ్గర. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే వాకిట్లో చప్పుడైంది. పెద్దమ్మ వచ్చింది. చేతిలో కూర గిన్నె ఉంది. ఆమె కూడా ఆ రోజేమిటో మర్చిపోలేదని ఇప్పుడు అర్థమవుతుంది.

పెద్దమ్మ కూడా కూర్చుని రాళ్ళు ఏరడం మొదలెట్టింది. తర్వాత అమ్మ చేటలోంచి తల ఎత్తకుండానే చెప్పింది. "అక్కా, ఆ రోజు నేనన్న మాట…"

"విన్నా. నేనూ ఇంట్లోనే ఉన్నా గదా."

"నా నోరే ఆయన్ని…"

"నీ నోటికి అంత బలం ఉంటే మీ మేకలు నువ్వు పిలిస్తే వచ్చేయి," అంది పెద్దమ్మ. నవ్వలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఎండాకాలం నుంచీ గుండెలో పట్టేస్తందని అంటానే ఉన్నాడు. నర్సరావుపేట పోదామంటే బట్టీ మానడానికి లేదన్నాడు. అప్పుడు ఏ గిన్నె ముట్టాడని నొప్పి? నాకు ఇది చెప్పుకోడానికి కూడా మనిషి లేడు. ఊళ్ళో ఎవరికి చెప్పినా, తీర్పు, తీర్పు అంటన్నారు."

అమ్మ చేట పక్కన పెట్టి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను క్షమించు అక్కా," అంది. పెద్దమ్మ తల ఊపింది. ఆ రోజు అమ్మ కడుపునిండా అన్నం తినడం చూశాను. తర్వాత ఇద్దరూ ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే పడుకున్నారు. నేను గుమ్మంలో కూర్చుని ఇద్దరి ఊపిరీ వింటూ ఉన్నాను. పొద్దు వాలింది. ఇద్దరూ లేచారు. ఒకామె నీళ్ళకు వెళ్ళింది, ఒకామె ఇంటికి వెళ్ళింది.

అమ్మ చాలా ఏళ్ళు బతికింది. అయితే మా ఇంట్లో ఆ ప్రశ్న మాత్రం తేలలేదు. దేవుడు హెచ్చరించాడు, తోడికోడలితో కలిసింది కాబట్టి వదిలేశాడు అన్నది నాన్న నమ్మకం. బోధకుడు మళ్ళీ ఒకసారి మా ఊరొచ్చినప్పుడు ఆయన కూడా అదే అన్నాడు. అమ్మను చూసి నిజంగానే సంతోషపడ్డాడు. మా ఇంట్లో మజ్జిగ కూడా తాగాడు. ఆయన మీద అమ్మకు కోపం లేకపోవడం నాకు అప్పట్లో అర్థం కాలేదు. ఆ మనిషి తను చెప్పినదానికి తనే అందరికంటే ఎక్కువ భయపడేవాడని, సంస్కారానికి ముందు రోజుల తరబడి పస్తులుండేవాడని తర్వాత తెలిసింది. పెద్దమ్మ మాత్రం ఈ ఇద్దరి మాటా వినేది కాదు. "ఆయనది గుండెజబ్బు," అనేది, అంతే.

నాన్న ఏళ్ళ తరబడి బల్ల దగ్గరికి వెళ్ళలేదు. తన్ను తాను పరీక్షించుకోమని ఆ అధ్యాయంలోనే ఉంది కదా, నేనింకా పరీక్షించుకుంటున్నా అనేవాడు. అమ్మ వెళ్ళేది. అమ్మ లేచినప్పుడు, నడిమి దారి అంచున కూర్చున్న ఆయన కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేవాడు. ఇంటికి వచ్చాక ఒక్కోసారి ఆ అధ్యాయం మీద వాదించుకునేవాళ్ళు. ఒకే ముద్దపప్పు, ఒకే పచ్చడి, రెండు అర్థాలు. నేను నర్సరావుపేట హాస్టల్లో చేరాక ఎప్పుడో ఆయన మళ్ళీ సంస్కారం తీసుకున్నాడట. ఏమి తేల్చుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. నేను అడగలేదు.

నేను మొదటిసారి సంస్కారం తీసుకోవాల్సిన వయసు వచ్చినప్పుడు, ముందురోజు అమ్మను అడిగాను. "భయం పోయిందా నీకు?"

"పోలేదు," అంది అమ్మ, ఆలోచించి. "కానీ ఆ రోజు మీ పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది చూడు, అది కూడా పోలేదు."

తెల్లారి గుడిలో నా వంతు వచ్చింది. నా పక్కన మోకరించిన అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఆ అమ్మాయి కూడా వణుకుతోంది. గిన్నె వచ్చేదాకా మేమిద్దరం భుజానికి భుజం ఆనించుకుని ఉన్నాం.